వితీన్యా కేసు: ఆటగాడు మారాడా, ఆడే చోటు మారిందా?

పోయిన ఏడాది ఒక ఫుట్‌బాల్ సెలెక్షన్ ట్రయల్స్‌లో మా దగ్గర నేర్చుకునే పిల్లాడిని పక్కన పెట్టేశారు. పద్నాలుగేళ్ళు వాడికి. ఆట గురించి ఒక్క మాట అనలేదు, "ఇంకొంచెం పెరిగి రా నాన్నా" అన్నారంతే. వాళ్ళమ్మ గ్రౌండ్ బయట నన్ను పట్టుకుని, "సర్, మా ఇంట్లో పొడుగు మనిషే లేరు, వీడెక్కణ్ణుంచి పెరుగుతాడు, మానిపించేయమంటారా?" అని అడిగారు. వద్దమ్మా, తొందరపడకండి అని మాత్రం అనగలిగాను, ఎందుకు వద్దో సరిగ్గా చెప్పలేకపోయాను. ఆ రాత్రి ఇంటికెళ్ళి ఒక పోర్చుగీస్ మిడ్‌ఫీల్డర్ పాత మ్యాచ్‌లు తీసి చూడటం మొదలుపెట్టాను, తర్వాత నాలుగైదు నెలలు ఖాళీ దొరికితే అదే పని. అప్పుడు రాసుకున్న నోట్స్‌ని కలిపి రాస్తున్న కేస్ స్టడీ ఇది. పిల్లలకి ఫుట్‌బాల్ నేర్పేవాళ్ళకీ, మా వాడు చిన్నగా ఉన్నాడని దిగులుపడే తల్లిదండ్రులకీ పనికొస్తుందని నా ఆశ.

ఆటగాడి పూర్తి పేరు వితోర్ మషాదు ఫెరైరా. అందరూ పిలిచేది వితీన్యా అని, అంటే చిన్న వితోర్, మనం చిట్టి, చిన్నా అని పిలుచుకున్నట్టు. మన పేపర్లలో విటిన్హా అని రాస్తారు. 2000 ఫిబ్రవరి 13న పుట్టాడు. ఎత్తు 1.72 మీటర్లు, అంటే అయిదడుగుల ఎనిమిదంగుళాలకి కాస్త తక్కువ. మన వీధిలో మామూలు ఎత్తే, కానీ యూరప్ మిడ్‌ఫీల్డ్‌లో చిన్నవాడి కిందే లెక్క.

అసలు కేసు ఏంటంటే, 2020 సెప్టెంబర్‌లో పోర్చుగల్‌లోని పోర్టో క్లబ్ ఇతన్ని ఇంగ్లండ్‌లోని వుల్వ్స్‌కి ఏడాది లోన్ మీద పంపింది, నచ్చితే 2 కోట్ల పౌండ్లకి కొనుక్కోవచ్చని ఒప్పందం. వాళ్ళు ఏడాది చూశారు, కొనలేదు, తిరిగి పంపేశారు. 2025 సెప్టెంబర్‌లో బాలన్ డి ఓర్ (ఏడాదిలో ప్రపంచపు అత్యుత్తమ ఆటగాడికిచ్చే అవార్డు) ఫలితాలు వచ్చినప్పుడు డెంబెలే మొదటి స్థానం, లమీన్ యమాల్ రెండో స్థానం, మూడో స్థానంలో ఉన్నది ఈ మనిషే. అదే ఎత్తు, అవే కాళ్ళు. మధ్యలో ఏం జరిగిందన్నదే నాకు కావలసింది.

మొదట్లోనే ఒక విషయం చెప్పేస్తాను. వుల్వ్స్‌కి వెళ్ళేనాటికి ఇతను ఎవరికీ తెలియని కుర్రాడేం కాదు. 2019 ఏప్రిల్‌లో స్విట్జర్లాండ్‌లోని న్యోన్‌లో పోర్టో కుర్రాళ్ళ జట్టు ఫైనల్లో చెల్సీని 3-1తో ఓడించి యూఈఎఫ్ఏ యూత్ లీగ్ గెలిచింది, పోర్చుగల్ నుంచి ఆ కప్పు గెలిచిన మొదటి జట్టు అదే. గోల్‌కీపర్ డియోగో కోస్టా, స్ట్రైకర్ ఫాబియో సిల్వా, వితీన్యా అందరూ ఆ బ్యాచ్ వాళ్ళే. ఆ మ్యాచ్‌లు చూస్తే ఇతను బంతి తీసుకునే పద్ధతి అప్పటికే తయారై ఉందని తెలుస్తుంది. ఇప్పుడు చేసే పని అప్పుడూ చేస్తున్నాడు. ఈ కేసంతటికీ కీలకం అదే, కాబట్టి గుర్తుపెట్టుకోండి.

వుల్వ్స్‌లో ఏం జరిగింది? కోచ్ నూనో ఎస్పిరిటో శాంటో పోర్చుగీస్ మనిషి, జట్టులో సగం మంది ఆ దేశం వాళ్ళే, కాబట్టి భాష తెలియక, తోడు లేక ఇబ్బంది పడ్డాడు అనడానికి లేదు. మరి ఇబ్బంది ఎక్కడ? మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఇతనికి నప్పే చోట అప్పటికే రూబెన్ నెవెస్, జొవావ్ మౌటిన్యో పాతుకుపోయి ఉన్నారు, ఇద్దరూ ఒకప్పుడు పోర్టోకి ఆడినవాళ్ళే. దాంతో ఇతనికి దొరికినవి ఎక్కువగా చివరి నిమిషాలు, అదీ కాస్త ముందు వైపు, స్ట్రైకర్‌కి దగ్గర్లో. లీగ్‌లో 19 మ్యాచ్‌ల్లో కనిపించాడు, చాలావాటిలో బెంచ్ మీద నుంచి వచ్చినవాడే, ఒక్క గోల్ కూడా లేదు. పైగా ఆ నవంబర్ 29న ఆర్సెనల్‌తో మ్యాచ్‌లో వుల్వ్స్ ప్రధాన స్ట్రైకర్ రౌల్ హిమేనెజ్‌కి పుర్రె ఎముక విరిగింది, అక్కణ్ణుంచి జట్టు ఆటే కుంటుపడి సీజన్ చివరికి 13వ స్థానంలో ఆగింది. నూనో కూడా వెళ్ళిపోయాడు.

ఆ మ్యాచ్‌ల్లో అతను దిగిన నిమిషాలు నేను మళ్ళీ మళ్ళీ చూశాను. ప్రతిసారీ ఒకటే దృశ్యం. గోల్‌కి వీపు పెట్టి నిలబడి ఉంటాడు, బంతి గాలిలోనో సగం ఎత్తులోనో వస్తుంది, వెనక నుంచి ఆరడుగుల డిఫెండర్ ఒకడు వచ్చి మీద పడతాడు. ఆ స్థితిలో 1.72 మనిషి ఏం చేస్తాడు? ఒక టచ్‌లో వెనక్కి ఇచ్చేస్తాడు, లేదా పడిపోతాడు. నూనో జట్టు ప్రధానంగా వెనక్కి తగ్గి కాచుకుని, బంతి దొరగ్గానే ముందుకు ఉరికే జట్టు, అక్కడ మిడ్‌ఫీల్డర్ పాదాల దగ్గరికి నిమిషం నిమిషం బంతి రాదు. ఈత వచ్చినవాడిని గట్టు మీద పరిగెత్తించి వీడు నెమ్మది అన్నట్టుంది ఆ ఏడాది.

సైజు సరిపోలేదు, ఇంగ్లండ్ లీగ్ శరీర బలం వేరు అని చాలామంది తేల్చేశారు. ఈ మాట నాకు అస్సలు మింగుడుపడదు, ఎందుకంటే అదే జట్టులో, అదే మిడ్‌ఫీల్డ్‌లో, అదే లీగ్‌లో మౌటిన్యో ఆడుతున్నాడు. అతని ఎత్తు 1.70. వితీన్యా కంటే పొట్టి! 34 ఏళ్ళ వయసులో అతను మిడ్‌ఫీల్డ్ నడిపిస్తుంటే, 20 ఏళ్ళ కుర్రాడికి సైజు అడ్డమైందంటే ఎలా నమ్మడం? తేడా సైజులో లేదు, బంతి తీసుకునేటప్పుడు మొహం ఎటుందన్న దాంట్లో ఉంది. మౌటిన్యో ఆటని ఎదురుగా పెట్టుకుని చూస్తూ ఆడేవాడు, వితీన్యా ఆటకి వీపు పెట్టి ఆడాల్సివచ్చింది.

ఆ ఏడాదిలో నాకు బాగా నచ్చిన ముక్క ఒకటుంది. 2021 జనవరి 22, ఎఫ్ఏ కప్, ప్రత్యర్థి చోర్లీ. ఆరో అంచె లీగ్‌లో ఆడే చిన్న ఊరి జట్టు, కోవిడ్ వల్ల గ్రౌండ్‌లో ప్రేక్షకులు లేరు. 12వ నిమిషంలో బంతి వితీన్యా దగ్గరికొచ్చింది, గోల్‌కి ముప్ఫై గజాల పైన ఉన్నాడు, ఎదుట ఖాళీ ఉంది, మీద ఎవరూ లేరు. తల ఎత్తి చూసి కొట్టాడు, పై మూలలోకి వెళ్ళింది. వుల్వ్స్ 1-0తో గెలిచింది. వుల్వ్స్ తరఫున అతని ఏకైక గోల్ అది. ప్రత్యర్థి చిన్న జట్టే కదా అని దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. నేనైతే ఆ గోల్‌ని వేరుగా చూస్తాను, మొహం గోల్ వైపు తిప్పి ఒక్క క్షణం ఇస్తే ఈ కుర్రాడు ఏం చేయగలడో ఆ సీజన్ మొత్తంలో చూపించింది ఆ ఒక్క క్షణమే.

పోర్టోకి తిరిగొచ్చాక 2021-22. కోచ్ సెర్జియో కోన్సైసావ్ మామూలుగా 4-4-2 (డిఫెన్స్‌లో నలుగురు, మిడ్‌ఫీల్డ్‌లో నలుగురు, ముందు ఇద్దరు) ఆడిస్తాడు, మిడ్‌ఫీల్డ్ మధ్యలో ఇద్దరే. కండబలం ఉన్న కొలంబియా ఆటగాడు మాతెయుస్ ఉరీబే పక్కన ఇతన్ని పెట్టాడు. ఇక్కడ వితీన్యా వెనక నుంచి బంతి తీసుకుంటాడు, గ్రౌండ్ అంతా ఎదురుగా కనిపిస్తుంది. ఇంగ్లండ్ నుంచి వెనక్కొచ్చిన కుర్రాడు కొద్ది నెలల్లోనే తప్పనిసరి ఆటగాడయ్యాడు. పోర్టో 91 పాయింట్లతో లీగ్ గెలిచింది, పోర్చుగీస్ లీగ్‌లో అది రికార్డు. కప్ ఫైనల్లో తొందేలాని 3-1తో ఓడించింది, అందులో ఒక గోల్ ఇతనిది. ఆ మార్చిలోనే ఉత్తర మాసిడోనియాపై పోర్చుగల్ జాతీయ జట్టుకి మొదటిసారి ఆడాడు. జూన్ 30 కల్లా పారిస్ క్లబ్ పీఎస్‌జీ సుమారు 4.15 కోట్ల యూరోలు పెట్టి తీసుకెళ్ళింది. వుల్వ్స్ వద్దనుకున్న 2 కోట్ల పౌండ్ల ధరకి ఏడాదిలో దాదాపు రెట్టింపు.

పారిస్‌లో మొదటి ఏడాది గురించి ఎక్కువ చెప్పను. మెస్సీ, నెయ్‌మార్, ఎంబాపే ముగ్గురూ ముందు ఉన్న జట్టులో మిడ్‌ఫీల్డర్లకి మిగిలేది ఆ ముగ్గురి వెనక ఖాళీలు పూడ్చే పని, అందులో ఎవరి ఆట ఎంతో కొలవడం కష్టం. ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. ఆ జట్టు మిడ్‌ఫీల్డ్‌ని 2012 నుంచి నడిపిన మార్కో వెరాట్టి ఎత్తు 1.65. అంటే పారిస్‌లో ఆ చోటు పొట్టివాళ్ళకి కొత్త కాదు. 2023లో వెరాట్టి ఖతార్ వెళ్ళిపోయాడు, లూయిస్ ఎన్రికే కోచ్‌గా వచ్చాడు.

ఇక్కడ జరిగిన ఒక నిర్ణయం మీదే నా కేసంతా నిలబడింది. 2023లో పీఎస్‌జీ మాన్యుయెల్ ఉగార్తె అనే ఉరుగ్వే మిడ్‌ఫీల్డర్‌ని సుమారు 6 కోట్ల యూరోలకి కొంది. బంతి లాక్కోవడమే అతని పని, గట్టి మనిషి, డిఫెన్స్ ముందు కాపలా నిలబడే రకం. ఏడాది తిరక్కుండానే అతను వరుసలో వెనకబడ్డాడు, 2024 ఆగస్టులో మాంచెస్టర్ యునైటెడ్‌కి అమ్మేశారు. అతని స్థానంలో ఇంకో కాపలాదారుణ్ణి కొన్నారా? లేదు. డిఫెన్స్ ముందు వితీన్యాని నిలబెట్టారు. పక్కన బెన్ఫికా నుంచి కొత్తగా తెచ్చిన జొవావ్ నెవెస్, అతను 1.74. ముగ్గురిలో ఫాబియన్ రూయిజ్ ఒక్కడే పొడుగు. లావుగా, పొడుగ్గా ఉన్నవాణ్ణి డిఫెన్స్ ముందు పెట్టాలన్నది మన గ్రౌండ్లలో చెప్పకుండానే నడిచే రూల్, నేనూ ఏళ్ళ తరబడి అలాగే చేశాను. లూయిస్ ఎన్రికే సరిగ్గా దానికి ఎదురు చేశాడు.

అది ఎలా పనిచేస్తుందో విడమరిచి చెప్తాను. పీఎస్‌జీ బంతి పోగొట్టుకున్న క్షణం నుంచి ముందున్న డెంబెలే మొదలుకుని అందరూ కలిసి మీదికి పోతారు. అప్పుడు ప్రత్యర్థికి బంతి చూసుకుని ఆడే టైం ఉండదు, తొందరలో ఏదో ఒక పాస్ వేస్తాడు. ఆ పాస్ ఎటు పోవచ్చో దారులు రెండో మూడో ఉంటాయి. వెనక నిలబడ్డ మిడ్‌ఫీల్డర్‌కి ఢీకొట్టి గెలవాల్సిన పని లేదు, ఆ దారిలో ఒక అడుగు ముందే ఉంటే చాలు. పొట్టివాడు ఢీలో ఓడిపోతాడేమో గానీ, ముందే చేరుకోవడంలో ఎందుకు ఓడిపోతాడు?

బంతి తమ దగ్గర ఉన్నప్పుడు ఇంకా బాగుంటుంది. సెంటర్ బ్యాక్‌లు (డిఫెన్స్ మధ్యలో నిలబడే ఇద్దరు) మార్కీన్యోస్, పాచో బంతి పెట్టుకుంటారు, పక్క డిఫెండర్లు హకీమి, నూనో మెండెస్ రెండు పక్కలా పైకి పోతారు, వితీన్యా కిందికి దిగి వాళ్ళ మధ్యకో పక్కకో వచ్చి బంతి అడుగుతాడు. ఇక్కడ స్క్రీన్ ఆపి చూడండి. బంతి ఇంకా మార్కీన్యోస్ కాలి దగ్గరే ఉంది. వితీన్యా కుడి భుజం మీద నుంచి వెనక్కి ఒకసారి చూస్తాడు, మళ్ళీ బంతి వైపు, మళ్ళీ ఎడమ భుజం మీద నుంచి. పాస్ బయల్దేరాక ఇంకోసారి చూస్తాడు, ఇది మా పిల్లలెవరూ చేయరు, పాస్ బయల్దేరిందంటే వాళ్ళ కళ్ళు బంతికి అతుక్కుపోతాయి. బంతి వచ్చేసరికి అతని శరీరం సగం తిరిగి ఉంటుంది, నడుము అడ్డంగా, బంతికి దూరంగా ఉన్న కాలు దాన్ని అందుకోవడానికి సిద్ధంగా. ఆ దూరపు కాలితో తాకగానే మిగతా సగం కూడా తిరిగిపోతాడు, మీదికొచ్చిన మనిషి అతని వెనక మిగిలిపోతాడు. బలం వాడినట్టే కనిపించదు. ఈ చూపు మీద నార్వేలో గెయిర్ యూర్‌దెట్ అనే ఆచార్యుడు ఏళ్ళుగా పరిశోధన చేస్తున్నాడు, బంతి రాకముందు ఎక్కువసార్లు చుట్టూ చూసేవాళ్ళు తర్వాత మెరుగ్గా ఆడుతున్నారన్నది ఆయన పని సారం.

2025 మే 31, మ్యూనిక్, ఛాంపియన్స్ లీగ్ ఫైనల్, ఎదుట ఇంటర్ మిలాన్. 12వ నిమిషం గోల్‌ని నేను ఇరవైసార్లయినా చూసుంటాను. ఇంటర్ వాళ్ళు బాక్స్ (గోల్ ముందు గీసిన గడి) ముందు గోడ కట్టినట్టు నిలబడ్డారు. బంతి అటూ ఇటూ తిరిగి వితీన్యా కాళ్ళ దగ్గరికొచ్చింది, బాక్స్ బయట, మొహం గోల్ వైపు. పక్కకి ఇచ్చేయొచ్చు, ఎవరూ ఏమీ అనరు. అతను ఆ మనుషుల మధ్య సందులోంచి నేల మీద గట్టిగా ఒక పాస్ వేశాడు, అది బాక్స్ లోపల ఉన్న పీఎస్‌జీ ఫార్వర్డ్ దూయే పాదానికి చేరింది. దూయే తిరిగి అడ్డంగా ఇస్తే హకీమి ఖాళీ గోల్‌లోకి నెట్టాడు, ఒకప్పుడు ఇంటర్‌కి ఆడినవాడు కాబట్టి సంబరం చేసుకోలేదు. లెక్కల్లో అసిస్ట్ (గోల్‌కి ముందు చివరి పాస్) దూయేది. గోడ పగలగొట్టింది మాత్రం అంతకు ముందు పాస్. 63వ నిమిషంలో మూడో గోల్ అప్పుడు మధ్యలో మొదలుపెట్టి తనే పరిగెత్తాడు, డెంబెలే మడమతో తిరిగిచ్చిన బంతిని అందుకుని దూయే ముందు పెట్టాడు. చివరికి 5-0. ఆ కప్పు ఫైనల్ చరిత్రలో అంత తేడాతో ఎవరూ గెలవలేదు.

నాలుగు రోజుల తర్వాత అదే స్టేడియంలో యూరప్ దేశాల జట్లు ఆడే నేషన్స్ లీగ్ సెమీస్, జర్మనీపై పోర్చుగల్. అతన్ని బెంచ్ మీద ఉంచారు. 0-1తో వెనకబడ్డాక, గంట ఆట కావస్తుండగా దింపారు, పది నిమిషాల్లో పోర్చుగల్ రెండు గోల్స్ వేసి 2-1తో ముందుకెళ్ళింది. గోల్స్ కోన్సైసావ్ కొడుకువీ రొనాల్డోవీ, వితీన్యా పేరు స్కోర్‌బోర్డ్ మీద లేదు. కానీ అతను దిగకముందూ దిగిన తర్వాతా బంతి ఎక్కడ తిరుగుతోందో చూస్తే చాలు.

పెనాల్టీల సంగతి కూడా రాయాలి, మంచివి మాత్రమే ఏరుకుంటే కేస్ స్టడీ కాదు. 2025 మార్చిలో ఆన్‌ఫీల్డ్‌లో లివర్‌పూల్ మీద షూటౌట్‌లో మొదటి కిక్ అతనే కొట్టి గోల్ చేశాడు. మేలో ఆర్సెనల్ మీద సెమీస్‌లో కొట్టినది డేవిడ్ రాయా ఆపేశాడు. నెల తర్వాత స్పెయిన్ మీద నేషన్స్ లీగ్ ఫైనల్ షూటౌట్‌లో మళ్ళీ వెళ్ళి కొట్టాడు, గోల్, పోర్చుగల్ కప్పు గెలిచింది. ఆగస్టులో టాటెన్‌హామ్‌తో సూపర్ కప్‌లో మళ్ళీ పోయింది. నవంబర్ 26న అదే టాటెన్‌హామ్‌పై 5-3తో గెలిచిన మ్యాచ్‌లో తన జీవితంలో మొదటి హ్యాట్రిక్, అందులో మూడోది పెనాల్టీ. పోయిన తర్వాత కూడా మళ్ళీ కిక్ కొట్టడానికి ముందుకొచ్చాడు. టెన్షన్‌తో వెనక నిలబడే పిల్లలకి నేను చూపించేది ఆ వరుసనే.

ఇక నా తీర్పు. చోటు మార్చడమే అంతా చేసిందని నేననను. 20 ఏళ్ళకీ 25 ఏళ్ళకీ మధ్య మనిషి గట్టిపడతాడు, వితీన్యా డిఫెన్స్ పని వుల్వ్స్ రోజులకంటే ఎంతో మెరుగైంది, పక్కన జొవావ్ నెవెస్ లాంటి అలుపెరగని మనిషి ఉండటం కూడా పెద్ద సాయం. కానీ భుజం మీద నుంచి ఆ చూపు, సగం తిరిగిన ఆ నడుము 2019లో న్యోన్‌లోనే ఉన్నాయి. 2021లో ఎవరూ వాటిని కొలవలేదు. కొలిచింది గోల్స్, ఢీలు, నిమిషాలు. తప్పు చోట నిలబెట్టి కొలిస్తే ఏ ఆటగాడైనా చిన్నగానే కనిపిస్తాడు.

మా దగ్గర ఏం మార్చానో చెప్తాను. ఆ పిల్లాణ్ణి నేను కూడా స్ట్రైకర్ వెనకే ఆడిస్తూ వచ్చాను, బక్కపలచని పిల్లలని అక్కడే పెడతాం కదా, డిఫెన్స్ దగ్గర ప్రమాదమని. వాడిని కిందికి దింపి సెంటర్ బ్యాక్‌ల ముందు నిలబెట్టాను. రోండోలో (గుండ్రంగా నిలబడి, మధ్యలో ఉన్నవాడికి చిక్కకుండా బంతి పాస్ చేసుకునే ఆటలో) ఒక కొత్త పద్ధతి పెట్టాను, వెనక నిలబడ్డ నేను వేళ్ళు ఎత్తుతాను, బంతి తాకేలోపు ఎన్ని వేళ్ళో పైకి చెప్పాలి, చెప్పలేకపోతే మధ్యలోకి వెళ్ళాలి. దగ్గరి కాలితో బంతి ఆపితే ఆ పాస్ లెక్కలోకి రాదు. రెండు వారాలు అందరూ విసుక్కున్నారు, పెద్ద పిల్లలైతే "సర్, బంతి చూడాలా, మీ వేళ్ళు చూడాలా" అని గొడవ పెట్టారు. రెండూ చూడాలి, అదే కదా పని.

కొత్త చోట మొదటి మ్యాచ్‌లో మా వాడు సొంత బాక్స్ ముందు వెనక్కి చూడకుండా బంతి తీసుకున్నాడు, లాక్కున్నారు, గోల్ అయింది. వాడు వెంటనే నా వైపు చూశాడు, మార్చేస్తాననుకున్నాడు. పక్కనున్న తండ్రులిద్దరు కూడా నా వైపే చూశారు. నేను కదల్లేదు. అదే చోట నిలబడమని చెయ్యి చూపించాను. ఇంకో పది నిమిషాలకి మళ్ళీ అదే పాస్ వచ్చింది, ఈసారి బంతి బయల్దేరాక భుజం మీద నుంచి ఒక్కసారి చూశాడు, దూరపు కాలితో తీసుకున్నాడు, తిరిగాడు. మీదికొచ్చిన కుర్రాడు వాడి కంటే ఒక తల ఎత్తు ఎక్కువ, నేరుగా టచ్‌లైన్ దాకా పోయాడు.

ఆ మ్యాచ్ ఓడిపోయాం. వాళ్ళమ్మ వచ్చి, "సర్, వాడు ఇవాళ అన్నిసార్లు వెనక్కి తిరిగి ఎవరిని చూస్తున్నాడు?" అని అడిగారు. ఈసారి జవాబు నా దగ్గరుంది. ఫోన్ తీసి, మ్యూనిక్ మ్యాచ్ పెట్టి, మార్కీన్యోస్ కాలి దగ్గర బంతి ఉన్న చోట ఆపి చూపించాను.